నొప్పి మందు ఇచ్చే కౌంటర్‌లోనే దాని విరుగుడూ ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

మాజీ సైనికుల వైద్యం గురించి పత్రికల్లో ఎప్పుడు ప్రస్తావన వచ్చినా పాలీక్లినిక్‌లలో మందుల కొరత, ప్రైవేటు ఆసుపత్రులకు పేరుకుపోయిన బకాయిలు, రిఫరల్ చీటీ కోసం పడిగాపులు వంటి విషయాలే ముందుకు వస్తాయి. అవి నిజమైన ఇబ్బందులే. అయితే వాటి చాటున, పెద్దగా ఖర్చు లేనిదీ, ఎవరూ అడగనిదీ అయిన ఒక లోపం అలాగే ఉండిపోయింది. బలమైన నొప్పి మందులు వాడుతున్న మాజీ సైనికుడికి మోతాదు మించి ఊపిరి మందగిస్తే వెంటనే ఇవ్వవలసిన నాలోక్సోన్ అనే విరుగుడు అతని ఇంట్లో ఉండటం లేదు. ఉండాలని ఆ ఇంటివారికి చెప్పేవారూ లేరు. నౌకాదళ వైద్య విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొంది, ఇప్పుడు మా గోపాలపట్నం వైపు ఉన్న మాజీ సైనికుల కుటుంబాలకు మందుల చీటీలు చదివి పెడుతూ ఉండే వాడిగా ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తీసుకురావాలనుకుంటున్నాను.

మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్, టాపెంటడాల్, కొడీన్ వంటివన్నీ నల్లమందు జాతికి చెందిన మందులు. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు. క్యాన్సర్ నొప్పికి, వెన్నెముక గాయాలకు, శస్త్రచికిత్స తరువాతి బాధకు ఇవి చేసే మేలు ఇంతా అంతా కాదు. కానీ ఇవి మెదడులో నొప్పిని అణచే చోటనే కాక, ఊపిరిని నడిపించే చోట కూడా పనిచేస్తాయి. మోతాదు మించినప్పుడు మనిషి పిలిస్తే పలకడు, తట్టి లేపినా లేవడు, కంటిపాప గుండుసూది తలంత చిన్నదవుతుంది, పెదవులూ గోళ్లూ నీలి రంగుకు తిరుగుతాయి, ఊపిరి నిమిషానికి పదిసార్లకన్నా తక్కువకు పడిపోతుంది, గొంతులో గురగుర వినిపిస్తుంది. ఆ గురగురను గాఢనిద్రలోని గురకగా భావించి, ఇన్నాళ్లకు కంటినిండా నిద్రపోతున్నాడు, లేపవద్దని ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోవడమే ఇందులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

నాలోక్సోన్ కొత్త మందేమీ కాదు. అమెరికాలో 1971లోనే దానికి అనుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలోనూ, మన దేశపు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలోనూ అది ఉంది. మెదడులో ఓపియాయిడ్ అంటుకుని ఉన్న చోటు నుంచి దాన్ని తొలగించి తాను ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది కనుక, కండరానికి సూది వేసినా, ముక్కులో స్ప్రే కొట్టినా, సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి పుంజుకుంటుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేని మనిషికి పొరపాటున ఇచ్చినా చెప్పుకోదగ్గ హాని ఉండదు. దానివల్ల మత్తు రాదు, అలవాటు పడటమూ ఉండదు. అందుకే అది మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి రాదు. దానికున్న పరిమితిని మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. మింగిన మాత్రో, ఒంటికి అంటించిన ఫెంటానిల్ పట్టీయో అంతకన్నా ఎక్కువసేపు పనిచేస్తుంది. కనుక నాలోక్సోన్ ఇచ్చి, లేచి కూర్చున్నాడు కదా అని ఇంట్లోనే ఉంచుకోకూడదు. అది ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం నిలబెట్టే మందే తప్ప, ఆసుపత్రికి బదులు కాదు.

ఈ అవసరం మాజీ సైనికులకు ప్రత్యేకంగా ఎందుకని కొందరు అడగవచ్చు. సైన్యంలో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చినవాడి ఒంట్లో మోకాలి చిప్ప అరుగుదల, నడుము డిస్క్ జారడం, పాత గాయపు నరాల నొప్పి వంటివాటిలో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. వయసు పైబడేసరికి వాటికి నిద్రమాత్రలు తోడవుతాయి. క్యాంటీన్‌లో వచ్చే మద్యం తోడయ్యే ఇళ్లూ ఉన్నాయి. మనవాళ్ల పరువు పోతుందని ఆ సంగతి దాచిపెట్టుకుంటే ప్రాణాలు పోతాయి. ఓపియాయిడ్‌కు ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు గానీ, మద్యం గానీ కలిస్తే మామూలు మోతాదే ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, పొగతాగి పాడుచేసుకున్న ఊపిరితిత్తులు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. అమెరికాలో మాజీ సైనికుల వైద్య వ్యవస్థలో చికిత్స పొందుతున్నవారి మరణాలను పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం, మందులూ మాదకద్రవ్యాలూ ప్రమాదవశాత్తూ వికటించి చనిపోయే ముప్పు వారిలో సాధారణ ప్రజలకన్నా దాదాపు రెండింతలు ఉన్నట్టు తేల్చింది. మన దేశంలో పరిస్థితి అంత తీవ్రంగా ఉందని నేను అనడం లేదు. అక్కడి మందుల వాడకం వేరు, ఇక్కడిది వేరు. కానీ ఊపిరి ఆగే పద్ధతి ఎక్కడైనా ఒక్కటే.

ఉత్తరాంధ్రకు సంబంధించి మరొక కారణం ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలో చేరినవారు ఎందరో ఉన్నారు. అదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కారణం ఇదమిత్థంగా తేలని మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి మనుషులను పీల్చేస్తోంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మామూలు నొప్పి మాత్రలు ఇవ్వకూడదు. అవి ఉన్న మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. పారాసెటమాల్‌తో తగ్గని నొప్పికి వైద్యుడు ట్రమడాల్ వంటివాటి వైపు చూడక తప్పదు. కానీ మార్ఫిన్, ట్రమడాల్ శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పదార్థాలు మూత్రం ద్వారానే బయటికి పోవాలి. ఆ దారి మూసుకుపోయినప్పుడు అవి ఒంట్లోనే పేరుకుంటాయి. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఈ వారం ప్రమాదకరమవుతుంది. రోగి ఒక్క మాత్ర కూడా అదనంగా వేసుకోడు, అయినా మోతాదు మించుతుంది. ఈ ముప్పును 'మత్తుకు అలవాటుపడినవాళ్ల సమస్య' అని కొట్టిపారేసేవారు ఉద్దానం నుంచి డయాలసిస్ కోసం తిరిగే ఒక విశ్రాంత హవల్దారును తలచుకుంటే బాగుంటుంది.

ఫెంటానిల్ పట్టీ విషయంలో మన వాతావరణమూ తోడవుతుంది. చర్మం వేడెక్కితే పట్టీలోని మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. జ్వరం వచ్చినప్పుడు, పట్టీ మీద వేడినీళ్ల సంచి పెట్టి కాపడం పెట్టినప్పుడు, మే నెలలో కరెంటు లేని మధ్యాహ్నం ఉక్కపోతలో ఎండ తగిలే చోట పడుకున్నప్పుడు ఇది గుర్తుండాలి. వాడి తీసేసిన పట్టీలో కూడా చిన్నపిల్లల ప్రాణం తీయగలిగినంత మందు మిగిలి ఉంటుంది కాబట్టి, అంటుకునే వైపు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లల చేతికి అందకుండా పారవేయాలి. ఇవన్నీ పట్టీ డబ్బాలోని కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం ఆంగ్లంలో, చీమ తలకాయలంత అక్షరాలలో ఉంటుంది.

అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఈ విషయంలో చేసిన పని మనకు అక్కరకు వచ్చేదే. 2022లో ఆ దేశంలో మందులూ మాదకద్రవ్యాలూ మోతాదు మించి చనిపోయినవారు లక్షకు పైగా ఉన్నారు, వారిలో అత్యధికుల మరణానికి ఓపియాయిడ్లే కారణం. అంత చేటు జరిగిన దేశం నుంచి మందులు రాసే పద్ధతి నేర్చుకోవాలని ఎవరూ అనరు. కానీ చేటు జరిగిన తరువాత మాజీ సైనికుల కోసం వారు ఎంచుకున్న మార్గం ఆలోచించదగినది. బలమైన నొప్పి మందులు వాడుతున్నవారిని వైద్య రికార్డుల నుంచి గుర్తించి, వారికీ వారి ఇంటివారికీ వాడకం నేర్పి, నాలోక్సోన్ చేతికి ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. 2016లో వచ్చిన చట్టం, ముప్పు ఎక్కువగా ఉన్న మాజీ సైనికులు ఈ మందుకు తమ వాటాగా చెల్లించవలసిన సొమ్మును రద్దు చేసింది. 2018లో ఆ శాఖ మరో అడుగు వేసింది: ఆసుపత్రుల్లో పహరా కాసే తమ పోలీసులకు దాన్ని ఇచ్చింది, గుండె ఆగినప్పుడు వాడే విద్యుత్ పరికరాన్ని గోడకు బిగించే పెట్టెల్లోనే నాలోక్సోన్‌నూ ఉంచమంది. 2023 మార్చిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ముక్కు స్ప్రేను వైద్యుడి చీటీ లేకుండానే దుకాణంలో కొనుక్కునే వీలు కల్పించింది. ఇందులో నాకు నచ్చినది ఆ చివరి నిర్ణయం కన్నా మొదటిదే. రోగి వచ్చి అడిగేదాకా ఆగకుండా, చీటీ చూసి తామే పిలిచి ఇవ్వడం చాలా పెద్ద తేడా. మన దగ్గర ఏ పథకమైనా అడిగినవాడికే దక్కుతుంది, అడగడం తెలియనివాడికి దక్కదు.

ఇక మన సంగతికి వస్తే, 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ద్వారా మాజీ సైనికులకు, వారి భార్యలకు పాలీక్లినిక్‌లలో మందులు అందుతున్నాయి. ఏ రోగికి ఏ మందు, ఎన్ని రోజులకు ఇచ్చారో ఆ పాలీక్లినిక్ రికార్డులోనే ఉంటుంది. ఓపియాయిడ్ రాసినవారిని, దానితో పాటు నిద్రమాత్ర రాసినవారిని, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగినవారిని, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిని విడదీసి చూడటానికి కొత్త సర్వే ఏదీ అక్కరలేదు. ఆ పట్టికలోని ప్రతి ఇంటికీ నాలోక్సోన్ ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి వైద్యాధికారి నిర్ణయించాలి. ఇవ్వాలని నిర్ణయిస్తే నొప్పి మందు ఇచ్చిన కౌంటర్‌లోనే, అదే రోజు, అదే సంచిలో దాన్ని కూడా ఇవ్వాలి. 'ప్రస్తుతం లేదు, బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోండి' అనే పద్ధతి దీనికి పనికిరాదు. రక్తపోటు మాత్రకు బిల్లు పెట్టుకుని నెల రోజులు ఆగవచ్చు. ఇది ఆపద రాకముందే ఇంట్లో ఉండవలసిన మందు.

ఇక్కడ ఒక వాస్తవమైన చిక్కు ఉంది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది గాజు ఆంపుల్‌లో వచ్చే ఇంజెక్షన్. ఆంపుల్ మెడ విరిచి, సిరంజిలోకి లాగి, తొడ కండరానికి వేయాలి. అర్ధరాత్రి వణికే చేతులతో అది అందరికీ సాధ్యం కాదు. ముక్కు స్ప్రే అయితే ఎవరైనా కొట్టగలరు, కానీ మన వీధి మందుల షాపుల్లో అది అడిగిన వెంటనే దొరికే పరిస్థితి లేదు. కాబట్టి రక్షణ శాఖ పెద్దమొత్తంలో కొనుగోలు చేసేటప్పుడు స్ప్రే రూపాన్నే కోరాలి. దాన్ని తయారుచేయించడానికి ఎంతో దూరం పోనక్కరలేదని కూడా చెప్పాలి: మందులు తయారుచేసే పరవాడ ఫార్మాసిటీ, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ రెండూ విశాఖపట్నం పరిసరాల్లోనే ఉన్నాయి. స్ప్రే వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలనీ కాదు. మన ఇళ్లలో రోజూ భర్తకు ఇన్సులిన్ సూది వేస్తున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అయిదో తరగతి చదివిన ఇల్లాలు కూడా యూనిట్లు లెక్కపెట్టి సూది వేయడం నేర్చుకున్నప్పుడు, తొడకు ఒక ఇంజెక్షన్ వేయడం నేర్చుకోలేదని అనడం ఆమెను తక్కువ అంచనా వేయడమే.

నేర్పవలసింది ఆ సూది ఒక్కటే కాదు. ముందు భుజం తట్టి గట్టిగా పిలవాలి. పలకకపోతే ఊపిరి లెక్కపెట్టాలి; కోవిడ్ నాడు కొన్న ఆక్సిమీటరు కోసం బీరువా వెతకడం కన్నా ఛాతీ మీద చూపు నిలిపి లెక్కపెట్టడమే నయం. 108కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి, నాలోక్సోన్ ఇవ్వాలి, ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదాలి, రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో మోతాదు ఇవ్వాలి, ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇదంతా గంటలో నేర్పవచ్చు. నేర్పడానికి వేదికలు కూడా కొత్తగా వెతకనక్కరలేదు. పింఛను కోసం బతికే ఉన్నామని రుజువు చూపించుకోవడానికి ఏటా ఎంతోమంది మాజీ సైనికులు వరుసల్లో నిలబడతారు. బతికి ఉండటం ఎలాగో కూడా ఆ వరుసలోనే చెప్పిస్తే ప్రభుత్వానికి అదనపు ఖర్చేమీ కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం జరిపే సమావేశాలు ఉన్నాయి. పాలీక్లినిక్ వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చునే గంటలు ఎలాగూ ఉన్నాయి. శిక్షణ మాత్రం తెలుగులో ఉండాలి, మాజీ సైనికుడికి కాక అతని ఇంట్లోవారికి ఇవ్వాలి. స్పృహ తప్పినవాడు తనకు తాను ఈ మందు ఇచ్చుకోలేడన్నది చిన్న విషయంలా కనిపించినా, మన మందుల పంపిణీ అంతా కార్డు ఉన్నవాడి చుట్టూ తిరుగుతుంది కనుక ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విదేశాల్లోనో ఉండి, ఒంటరిగా ఉంటున్న వృద్ధులకైతే పక్కింటివారికో, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కో నేర్పాలి. అలాగే 108 వాహనాలన్నింటిలో నాలోక్సోన్ ఉంచి, సిబ్బందికి దాని వాడకంలో శిక్షణ ఇచ్చిన సంగతిని ఆరోగ్య శాఖ బహిరంగంగా ప్రకటిస్తే, కింగ్ జార్జ్ ఆసుపత్రికో, మల్కాపురం వైపున్న నౌకాదళ ఆసుపత్రికో చేరేలోపు ప్రయాణం మీద జనానికి కాస్త భరోసా ఉంటుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు రెండు. విరుగుడు ఇంట్లో ఉందన్న ధైర్యంతో మందు ఎక్కువ వాడతారన్నది మొదటిది. నాలోక్సోన్ పడినప్పుడు, ఓపియాయిడ్‌కు అలవాటుపడిన ఒళ్లు పడే బాధ, వాంతులు, వణుకు ఒకసారి అనుభవించినవాడెవడూ దాని కోసం ఎదురు చూడడు. ఇంట్లో ఇది పెడితే మమ్మల్ని తాగుబోతులుగా, మత్తుకు బానిసలుగా చూసినట్టు కాదా అన్నది రెండోది. ఇది మావాళ్ల నోటనే విన్నాను, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఓడలో ప్రతి కంపార్ట్‌మెంటులోనూ మంటలార్పే సిలిండర్ బిగించి ఉంటుంది. దాన్ని చూసి తాను ఓడ తగలబెడతాడని అనుమానించారంటూ నొచ్చుకున్న నావికుణ్ని నేను చూడలేదు. ఇక నిజంగానే అలవాటులో చిక్కుకున్న మాజీ సైనికులు ఉంటే, వారికి ఈ మందు మరింత అవసరం. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదు తీసుకున్నవాడికే ప్రాణాపాయం ఎక్కువ, ఎందుకంటే మానేసిన రోజుల్లో ఒళ్లు తట్టుకునే శక్తిని కోల్పోతుంది. అలాంటివారు 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు.

అయితే ఈ లేఖ చదివి నొప్పి మందులంటేనే భయపడితే నేను చెప్పదలచిన దానికి విరుద్ధమైన ఫలితం వస్తుంది. మన దేశంలో మార్ఫిన్ అవసరమైన క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమందికి అది అందడమే లేదు. భయం వల్ల, కఠినమైన నిబంధనల వల్ల నొప్పితోనే కన్నుమూసినవారు మన చుట్టూ ఉన్నారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల అనుభవమున్న వైద్యులు మోతాదు లెక్కకట్టి మెల్లగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ సురక్షితమైనది. చివరి దశలో ఉన్న రోగి నిద్రమత్తుగా ఉన్నాడని కంగారుపడి నాలోక్సోన్ ఇస్తే అణగిన నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టి ఆ మనిషిని చిత్రవధ చేస్తుంది. ట్రమడాల్ విషయంలో నాలోక్సోన్ కొంతవరకే పనిచేస్తుంది, మూర్ఛ వచ్చే అవకాశాన్ని తగ్గించదు కూడా. అందుకే దీన్ని ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు వాడాలి అన్నది ఆ కుటుంబంతో కూర్చుని వైద్యుడు మాట్లాడవలసిన విషయమనీ, సంచిలో పడేసి పంపే విషయం కాదనీ పైన చెప్పిన శిక్షణ గురించి అంతగా పట్టుబడుతున్నాను. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఓపియాయిడ్ రాసే ప్రతి వైద్యుడూ నాలోక్సోన్ గురించి రోగితో మాట్లాడాలని మందు సమాచారపత్రంలోనే సిఫారసు చేర్పించింది. మన పాలీక్లినిక్‌లలో రోగికి వైద్యుడి దగ్గర దొరికే సమయం ఎంతో అందరికీ తెలుసు. ఆ పని నర్సింగ్ అసిస్టెంటుకో, ఫార్మసిస్టుకో అప్పగించినా సరిపోతుంది, మాజీ వైద్య విభాగం సిబ్బందిలో ఊరికే ఉన్నవాళ్లం మేమూ ఉన్నాం.

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, దాని ఆసుపత్రి, పాలీక్లినిక్, వేల సంఖ్యలో మాజీ సైనికుల కుటుంబాలు ఉన్న విశాఖపట్నంలో ఈ పనిని ముందుగా ఒక్క పాలీక్లినిక్‌లో మొదలుపెట్టి, ఎంతమందికి ఇచ్చారు, ఎన్నిసార్లు వాడవలసి వచ్చింది, ఎక్కడ పొరపాట్లు జరిగాయి అన్నది రాసి పెట్టుకుంటే, దాన్ని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు విస్తరించేటప్పుడు ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడనక్కరలేదు. ఈసీహెచ్‌ఎస్ ప్రాంతీయ అధికారులకు, జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఇదే విషయమై విడిగా వినతిపత్రాలు పంపుతున్నాను. పాలీక్లినిక్ స్థాయిలో ఇంటికి ఇచ్చే మందుల్లో నాలోక్సోన్‌ను చేర్చే అధికారం వారికే ఉందా, లేక ఢిల్లీ నుంచి ఉత్తర్వు రావాలా అన్నది వారు మీ పత్రిక ద్వారా తెలియజేస్తే, తరువాతి వినతిపత్రం ఎవరి పేరున రాయాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
నౌకాదళ వైద్య విభాగ విశ్రాంత ఉద్యోగి,
గోపాలపట్నం, విశాఖపట్నం.